సదువుల బాయి

మా ఊరి నల్లగుండ్ల వరుసను క్రషర్‌కు ఎక్కిస్తున్నారని పెద్దబాపు మనవడు ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాదులో, నా ఫ్లాటు వంటింట్లో, కందిపప్పులో మట్టిగడ్డలు ఏరుతూ కూర్చున్నాను. "అత్తా, నీకు రాళ్లంటే పానం గదా. అయిపోకముందే ఒకపారి అచ్చి చూసిపో," అన్నాడు. రాళ్లంటే నాకు ప్రాణమని ఆ పిల్లాడికి ఎవరు చెప్పారో తెలియదు. ఏళ్ల తరబడి రాళ్లను చూసి జీతం తీసుకున్నదాన్ని కాబట్టి అలా అనుకుని ఉంటాడు. కసాయివాడికి మేకలంటే ప్రాణమని ఎవరూ అనరు, నా ఉద్యోగం గురించి మాత్రం అందరూ అలాగే అంటారు. వస్తానని గాని రానని గాని చెప్పకుండా ఫోన్ పెట్టేశాను. రెండు రోజుల తర్వాత పొద్దున్నే జగిత్యాల బస్సెక్కాను.

పెగడపల్లి దాటి మా ఊరి పొలిమేరలోకి వస్తే ఆ వరుస కనిపించేది. వానాధారపు మెట్టభూముల, మా చెలకల మధ్య నుంచి ఉత్తరం దక్షిణంగా, పడుకున్న బర్రెల మందలా నల్లటి గుండ్లు ఒకదాని వెనక ఒకటి. ఊళ్లో మిగతా రాయంతా బూడిద రంగు, లేదంటే లేత గులాబీ. ఆ రాయి వయసు రెండు వందల యాభై కోట్ల ఏళ్లు. భూమి పైపొర ఇంకా కుదురుకుంటున్న కాలంలో గట్టిపడిన రాయి అది. అప్పటికి చెట్టు లేదు, చేప లేదు, కంటికి ఆనని జీవులు తప్ప నేల మీద ప్రాణమన్నది లేదు. తర్వాతెప్పుడో ఆ రాయి నిలువునా పగిలింది. కింద మరుగుతున్న నల్లటి ద్రవం ఆ పగుల్లోకి ఎగదన్ని గడ్డకట్టింది. అదే మా నల్లగుండ్ల వరుస. పైకి కనిపించేది తల మాత్రమే, నేల లోపల అది గోడ. మా చదువులో దాన్ని డైక్ అంటారు. భూమి కింద వాలును బట్టి పారే నీటికి ఆ గోడ అడ్డమొస్తే, దాటలేక నీరు ఎగువ పక్కన ఆగిపోతుంది. ఎగువ పక్క బావి తవ్వితే నీళ్లు, దిగువ పక్క తవ్వితే దుమ్ము. పుస్తకంలో ఇదంతా కలిపి ఒక్క పేజీ. మా బాపును తిన్నది ఆ ఒక్క పేజీ అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. పేజీకి పాపం ఏం తెలుసు, దాన్ని చదివింది నేను.

మా వైపు తండ్రిని బాపు అంటాం, తండ్రి అన్నను పెద్దబాపు అంటాం, తల్లిని అవ్వ అంటాం. మా బాపు తాళ్లెక్కేవాడు, తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. పొద్దున లేవగానే మా ఇంట్లో మొదట వినిపించే చప్పుడు కత్తి నూరే చప్పుడు. తాటిగెలను సన్నగా కోసే ఆ కత్తిని ఆయన రాయి మీద నూరేవాడు కాదు. మద్దిచెక్క మీద తెల్లటి పలుగురాయి పొడి చల్లి, దాని మీద అటూ ఇటూ ఆడించేవాడు. ఆ పొడి కొట్టిపెట్టడం నా పని. చెలకలో ఏరిన పలుగురాళ్లను పొయ్యిలో ఎర్రగా కాల్చి, నీళ్లలో పడేసి, చిట్లిన ముక్కల్ని రోట్లో వేసి దంచేదాన్ని. రాయి లోపల మంచులా మెరుస్తుందని, పగిలిన అంచు గాజులా కోస్తుందని నాకు బడిలో చెప్పకముందే తెలుసు. నా వేళ్ల మీద ఆ కోతల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంట్లో రెండు వాసనలు. బాపు వైపు పులిసిన కల్లు, చెట్టెక్కడానికి కట్టుకునే, చెమట పట్టిన మోకు. అవ్వ వైపు తడిపిన తునికాకు, తంబాకు. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఆమె లోకాన్నంతా తిట్టేది. వేళ్లు ఎంత వేగమో నాలుక అంత వేగం. బాపు నోట మాట రావడమే అరుదు. తిన్నాక విస్తరి మడిచేటప్పుడు "బాగున్నది" అనేవాడు, ఉత్త కారం మెతుకులే అయినా.

ఎండాకాలం మా ఇంట్లో జరిగే పెద్ద పని ఒకటి చెప్పాలి. ఈ కథంతా దాని మీదే ఉంది. చెరువు ఎండగానే ఊరివాళ్లు బండ్లు కట్టుకుని పోయి అడుగున ఉన్న నల్లమట్టి తవ్వుకుని చెలకల్లో పోసుకునేవాళ్లు. ఎరువు కొనే శక్తి లేనివాళ్లకు అదే ఎరువు. మాకు నల్లగుండ్లకు రెండు పక్కలా భూమి ఉండేది. తూర్పు పక్కది మామూలు ఎర్రచెలక. పడమటి పక్కది ఒకప్పుడు రాతిగుంత అట. మా తాత ఆ గుంతను చెరువుమట్టితో పూడ్చడం మొదలుపెట్టాడు, బాపు ఆపకుండా పూడుస్తూ పోయాడు. ఏటా ఎన్ని బండ్లో ఎవరూ లెక్కపెట్టలేదు. మట్టి మీద కూర్చుని ఇంటికి రావడం చిన్నప్పుడు నాకు పండగ. మెత్తగా, చల్లగా, చేపల వాసన వేసే మట్టి. అందులో నత్తగుల్లలు దొరికేవి, దారానికి గుచ్చి మెళ్లో వేసుకునేదాన్ని. నేను పుట్టేనాటికే ఆ గుంత నిండిపోయింది, పెద్దయ్యేనాటికి అది తూర్పు చెలక కంటే ఎత్తయింది. పడమటి పక్క ఎత్తు, తూర్పు పక్క పల్లం అన్నట్టే కనిపించేది. దేవుడు చేసిన వాలు కాదది, మా ఎడ్లు చేసిన వాలు.

తర్వాత వానలు మొహం చాటేశాయి. తాళ్లు ఎండి నెత్తి వంచాయి. కల్లు లేకపోతే మా ఇంటికి ఎవరూ రారు, అప్పటిదాకా అరుగు మీద కూర్చున్నవాళ్లంతా స్నేహితులనుకున్న బాపుకు అది కొత్తగా తెలిసింది. ఊరు ఖాళీ కావడం మొదలైంది. కొందరు సిరిసిల్ల మగ్గాలకు, అక్కడ దొరక్కపోతే భీవండికి. ఇంకొందరు కోరుట్లలో పాస్‌పోర్టు ఏజెంట్ల గడపల ముందు చెప్పులు విడిచి నిలబడి, ఒకనాడు మస్కటుకో దుబాయికో మాయమయ్యేవాళ్లు. బాపు కూడా పాస్‌పోర్టు చేయించుకున్నాడు. దాన్ని పెట్టెలో, అవ్వ పెళ్లిచీర కింద పెట్టాడు. "నీళ్లు పడితే గా పుస్తకం పొయ్యిల పెడుత. పడకపోతే పోత," అన్నాడు. ఆయన ఆ నెల మొత్తంలో మాట్లాడిన పెద్ద మాట అదే. బావి మీదే ఆయన ఉండటమో పోవడమో తేలాలి. ఒక బావికి సరిపడా దమ్మే ఉంది మా దగ్గర, రెండోదానికి లేదు.

సరిగ్గా అప్పుడు నేను సెలవులకు వచ్చాను. పట్నంలో హాస్టల్లో ఉండి భూగర్భశాస్త్రం చదువుతున్నాను. మా ఊరి నుంచి అంతదూరం చదువుకు పోయిన మొదటి ఆడపిల్లను, ఆ సంగతి నేను ఎవరినీ మరిచిపోనిచ్చేదాన్ని కాదు. సంచిలో సుత్తి, మెడలో దారానికి కట్టిన భూతద్దం. ఎండలో రాళ్లు కొట్టుకుంటూ తిరుగుతుంటే పిల్లలు వెంటపడేవాళ్లు. బాపు దూరం నుంచి చూసి నవ్వుకునేవాడు. ఒకరోజు నన్ను, బావులు తవ్వే ఎల్లయ్యను నల్లగుండ్ల దగ్గరికి తీసుకుపోయాడు. ఎల్లయ్య అప్పటికే ముసలివాడు. చుట్టుపక్కల బుగ్గారం దాకా సగం బావులు ఆయన, ఆయన పెళ్లాం మల్లవ్వ కలిసి తవ్వినవే. నేను ఆయన్ని మామా అని పిలిచేదాన్ని. ఆయన గడ్డపార తీసుకుని రెండు చెలకల్లోనూ అక్కడక్కడ పొడిచి, చెవి పెట్టి విని, మట్టి నోట్లో వేసుకుని ఉమ్మేసి, తూర్పు వైపు చెయ్యి చూపాడు.

నేను నవ్వాను. చుట్టూ పదిమంది చేరారు, వినేవాళ్లు ఉంటే నాకు పూనకం వచ్చేది. గోడ సంగతి, ఎగువ దిగువ సంగతి చెప్పాను. నమ్మకం కలగాలని ఒకామె బిందెలోంచి చెంబుతో నీళ్లు ముంచి, పడమటి చెలక నుంచి వచ్చే బండిబాట మీద పోశాను. నీళ్లు పాములా మెలికలు తిరిగి తూర్పుకు పారాయి. "చూసిండ్రా? పడమర ఎగువ. గోడకు పడమటి పక్కనే నీళ్లు ఆగుతయి," అన్నాను. జనం నోళ్లు తెరిచారు. ఎల్లయ్య మాత్రం ఆ తడిని చూస్తూ, "పై మన్ను గట్లనే పారుతది బిడ్డా. కింది రాయి ఎటు వాలిందో గది చూడాలె," అన్నాడు. "కింది రాయి పుట్టిందెప్పుడో చెప్పు మామా, అప్పుడు నీ మాట ఇంట," అన్నాను. అందరూ పకపకా నవ్వారు. ఆయనా నవ్వాడు. బాపు ఇద్దరి మొహాలూ చూసి, కండువా భుజం మీద సర్దుకుని, "నా బిడ్డ చెప్పిన కాడనే తవ్వుదాం," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన అంత పొడుగ్గా ఉంటాడని నాకు అంతకుముందు తెలియదు.

కొబ్బరికాయ కొట్టి పడమటి చెలకలో తవ్వకం మొదలుపెట్టారు. ఎల్లయ్య లోపల, మల్లవ్వ తట్టతో పైకి. మొదట ఎంత సులువుగా తెగిందో. నల్లగా, వెన్నలాంటి మట్టి. గుంత ఛాతీలోతు అయ్యేసరికి ఎల్లయ్య పైకి వచ్చి నా ముందు నిలబడి గుప్పిట తెరిచాడు. అరచేతిలో నత్తగుల్లలు.

"బిడ్డా, గివి చూసినవా?" అన్నాడు మెల్లగా, ఎవరికీ వినపడకుండా.

చూశాను. నా మెళ్లో దండలైన గుల్లలే అవి. ఇది చెరువుమట్టి, మా తాత పోసింది, నేను మీద కూర్చుని వచ్చింది. ఈ ఎత్తు ఎత్తే కాదు. నేను గుంతలోకి వంగి చూశాను. మట్టి కింద నేరుగా గట్టిరాయి. నీళ్లుండే చోట ఉండాల్సిన గరుకు మొరంమట్టి లేదు, కుళ్లిన రాయి లేదు. బయటపడ్డంత మేర ఆ రాయి పడమటికి, నల్లగుండ్లకు దూరంగా జారి ఉంది. అంటే నేల కింది నీళ్లు పారేది తూర్పు నుంచి పడమరకు. గోడకు అవి ఆగేది తూర్పు పక్క. ఎల్లయ్య చెయ్యి చూపిన పక్క. రెప్పపాటులో అంతా అర్థమైంది. నేను మంచి విద్యార్థిని.

"ఏ మన్నులనన్న ఉంటయి గుల్లలు," అన్నాను. ఆయన కదల్లేదు. అప్పుడు గట్టిగా, అందరికీ వినపడేట్టు అన్నాను: "ఎల్లయ్యా, తవ్వుడు నీ పని. చెప్పుడు నీ పని గాదు."

మామా అనే మాట నా నోట్లోంచి ఆ రోజు పోయింది. ఆయన గుల్లల్ని కింద పారెయ్యకుండా పంచె కొంగులో వేసుకుని మళ్లీ గుంతలోకి దిగాడు. ఆయన ముసలితనాన్ని, ఆయన వంగిన వీపును నేను పైనుంచి చూస్తూ నిలబడ్డాను. జాలి పడలేదు. ఆయన ఇంకెవరికైనా చెబుతాడేమో అన్న భయం ఒక్కటే పడ్డాను. ఇంత వయసొచ్చాక ఇది అందంగా చెప్పే అవసరం నాకు లేదు.

రాయి మొదలయ్యాక లెక్క మారింది. పొద్దంతా సుత్తితో కొట్టి రంధ్రాలు చేయడం, మందు కూరడం, అందరినీ దూరం పంపి పేల్చడం, చూస్తే తట్టెడు ముక్కలు. కొలిమిలో పదును పెట్టిన ఉలి మధ్యాహ్నానికి మొద్దుబారేది. రెండు వందల యాభై కోట్ల ఏళ్లుగా ఎవరికీ లొంగని రాయి, బీడీలు చుట్టే మా అవ్వ మొగుడికి ఎందుకు లొంగుతుంది? పగిలిన ముఖాలు తళతళ మెరిసేవి, ఒక్క చెమ్మచుక్క ఉండేది కాదు. బాపు రోజూ గట్టు మీద కూర్చుని దారినపోయే వాళ్లను పిలిచేవాడు. "మా సరోజ చెప్పిన జాగ గిది. రాయి వయసు గూడ చెప్తది," అనేవాడు. వాళ్లు గుంతలోకి తొంగిచూసి, నన్ను చూసి, ఏదో దగ్గుకుంటూ పోయేవాళ్లు. ఊళ్లో అప్పటికే పేరు పెట్టేశారు దానికి, సదువుల బాయి అని. అవ్వ ఆ పేరు నీళ్లకు పోయినప్పుడు విని వచ్చి, బిందె దించకుండానే వాకిట్లో నిలబడి నాకు వినిపించింది.

నేను వారంలో పట్నం పోవాలి, ప్రాక్టికల్సు ఉన్నాయి. పెట్టె సర్దుకున్నాను కూడా. పోలేకపోయాను. రాయి కింద రాయిలో ఎక్కడైనా ఒక పగులు ఉండొచ్చు, పగుల్లో ఇంత నీరు ఉండొచ్చు, నా తప్పు తప్పు కాకుండా పోవచ్చు. ఆ ఆశ నన్ను పట్టుకుంది. పోవాల్సిన రోజు పొద్దున బాపు కత్తి నూరుతున్నాడు, ఎక్కడానికి చెట్లు లేకపోయినా అలవాటు కొద్దీ నూరేవాడు. దగ్గరికి పోయి, "బాపూ, నీళ్లు పడ్డంకనే పోత. ఇంకొన్నొద్దులు ఉంట," అన్నాను. ఆయన చెయ్యి ఆగింది. నన్ను కాసేపు చూశాడు. కళ్లు మెరిశాయి. "ఉండు బిడ్డా. నీ ఇల్లే గదా," అన్నాడు. తర్వాత కత్తి పక్కన పెట్టి, కండువా నడుముకు బిగించి, ఆ రోజు తనే గుంతలోకి దిగి సుత్తి పట్టాడు.

నేను ఇంకా పదహారు రోజులు ఉన్నాను. ఆ పదహారు రోజుల్లోనే మందుగుండుకు, మనుషులకు చాలక ఎడ్లను జగిత్యాల అంగడికి తోలారు. ఆ చెరువుమట్టి మోసిన ఎడ్లే. వాటిని విప్పుతుంటే అవ్వ అడ్డం పడలేదు, తిట్టలేదు. ఆమె తిట్టకుండా ఉండటం నేను మొదటిసారి చూశాను, అది తిట్టుకంటే భయంగా ఉంది. పదిహేడో రోజు ఇక కాలేజీ వాళ్లు పరీక్ష రాయనివ్వరని కబురొస్తే బస్సెక్కాను. నేను పోయిన మర్నాటి నుంచే తవ్వకం ఆగిపోయిందని తర్వాత తెలిసింది. అందరూ అలిసిపోయి ఆపారనుకున్నాను.

బాపు మస్కటుకు పోయేటప్పుడు నేను పట్నం నుంచి జగిత్యాల బస్టాండుకు వచ్చాను. దారిలో కొండగట్టు అంజన్న గుడికి ఎక్కి దిగాడట, నుదుటి మీద సింధూరం చెమటకు కరిగి ముక్కు మీదికి కారింది. తుడవబోతే వద్దన్నాడు. "నీ తప్పు గాదు బిడ్డా. రాయి గట్టిది, గంతే," అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు నేను. బస్సు బయల్దేరడానికి చాలాసేపే పట్టింది, చెప్పడానికి టైము లేదని అనడానికి లేదు. నేను మాత్రం అక్కడ ఎండ ఎక్కువట, నెత్తికి గుడ్డ కట్టుకో అని చెప్పాను.

మరుసటి ఏడు పెద్దబాపు, బాపు మస్కటు ఖర్చుకిచ్చిన అప్పు కింద ఆ తూర్పు చెలకను తన పేర చేయించుకుని ఎల్లయ్యతోనే బావి తవ్వించాడు. మొరం తీస్తుండగానే నీళ్లు ఊరాయి. అప్పటి నుంచి నేను ఎప్పుడు ఇంటికి వచ్చినా, చెప్పులు విడవకముందే అవ్వ నా చేతికి బిందె ఇచ్చేది. "పో. పెద్దబాపు బాయికాడికి పోయి తేపో. నీళ్లు ఎట్ల పడుతయో చూసిరా," అనేది. మా ఇంట్లో కుండ నిండుగా ఉన్నా అంతే. నాకు ఉద్యోగం వచ్చి, ఆఫీసు జీపు వాకిట్లో నిలబడి ఉన్నప్పుడు కూడా డ్రైవర్ చూస్తుండగా బిందె చంకన పెట్టుకుని పోయాను. ఆమె పోయేదాకా ఆ శిక్ష ఆగలేదు. న్యాయంగా చెప్పాలంటే నేను ఒక్కసారి కూడా వద్దనలేదు.

బాపు అక్కడ కొండల్లో రాళ్లు కొట్టే క్రషర్‌లో పనిచేశాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం మిషను పక్కనే కూలబడి మళ్లీ లేవలేదు. శవపెట్టె వచ్చిన కొన్ని నెలలకు ఆయనతో ఒకే గదిలో ఉన్న కోరుట్ల ఖాసిం భాయ్ సెలవు మీద వచ్చి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తువ్వాలలో చుట్టిన రాయి ఒకటి నా చేతిలో పెట్టాడు. పచ్చని నలుపు, సబ్బులా నున్నగా. "బేటీ, మీ బాపు గిది నీకోసమని దాసిపెట్టిండు. 'మా బిడ్డకు సూపెట్టాలె, ఏం రాయో చెప్తది' అని రోజు అనేటోడు. గీ రాయి మెత్తగున్నదని సంబురపడేటోడు. గీసుంటి రాయి మా ఊళ్లె ఉంటే నా బిడ్డ మాట నిలబడేటిది అనేటోడు," అన్నాడు. ఆ రాయి సముద్రపు అడుగు. నేల మీదికి నెట్టుకొచ్చిన కడలి నేల, వయసు పదికోట్ల ఏళ్లకు అటూ ఇటూ. మా ఊరి రాయి ముందు నిన్న మొన్న పుట్టింది. ఖాసిం భాయ్‌కి అదంతా చెప్పాను, తరగతిలో చెప్పినట్టు. అవ్వ ఆ రాయిని నా చేతిలోంచి తీసుకుని ఊరగాయ జాడీ మూత మీద బరువుగా పెట్టింది. చాలా ఏళ్లు అక్కడే ఉంది.

నాకు దొరికిన ఉద్యోగం ఏమిటో వింటే మీరు నవ్వొచ్చు. రైతులకు నీళ్లెక్కడ పడతాయో చెప్పే ఉద్యోగం. సిరిసిల్లలో మొదలుపెట్టి కోరుట్ల, జగిత్యాల అన్నీ తిరిగాను. ఎవరి చెలకలోకి పోయినా మిషను బయటికి తియ్యకముందు ఒకే ప్రశ్న అడిగేదాన్ని: "గీ మన్ను ఎక్కడికెల్లి తెచ్చి పోసిండ్రు?" నా కింద పనిచేసిన కుర్రాళ్లు అది మేడం చాదస్తం అనుకునేవాళ్లు. ఆ ప్రశ్న వల్ల కొన్ని బావులు బతికాయి. అయితే లోకం మారిపోయింది, ఒక్కొక్క చెలకలో నాలుగేసి బోర్లు, ఒకడి బోరు పక్కవాడి బోరును ఎండబెట్టడం, చెట్టుకు ఉరిపోసుకున్న రైతుల ఇళ్ల ముందు నా జీపు ఆగడం. అప్పట్లో మనుషులు మెల్లగా చేతులతో తవ్వి నాశనమయ్యేవాళ్లు, ఇప్పుడు మిషనుతో ఒక్క పూటలో. ఏది నయమో తేల్చలేను. మెల్లగా తవ్వేటప్పుడు ఆపడానికి సమయం ఉండేది, నాకు ఉన్నట్టు.

మొన్న నేను పోయేసరికి నల్లగుండ్ల వరుసలో సగం లేదు. మిగిలిన సగాన్ని పొక్లెయిన్ నమిలేస్తోంది. దుమ్ము చెట్ల మీద బూడిదలా పడింది. సదువుల బాయిని క్రషర్ చెత్తతో పూడుస్తున్నారు. మా తాత మొదలుపెట్టిన పని మళ్లీ మొదటికొచ్చింది. అక్కడ రేకుల షెడ్డు నీడలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. దగ్గరికి పోతే మల్లవ్వ. ఎల్లయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆమె కళ్లు సరిగా కనిపించవు, గొంతుతో గుర్తుపట్టింది.

"సరోజవా బిడ్డా? మీ బాయి పూడుతుండ్రు గదా," అంది.

"పూడనియ్యవ్వా," అన్నాను. ఆమె పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని మాట, చూపు ఆనని మనిషికి చెప్పడం సులువనిపించి చెప్పాను. "గుల్లలు చూసిననాడే నాకెరుక అవ్వా, అక్కడ నీళ్లు పడవని. మామను అందరి ముంగట గట్ల అన్న. బాపుకు గూడ చెప్పలేదు."

మల్లవ్వ నవ్వింది, పళ్లు లేని నోటితో, చిన్నపిల్ల ఏదో దాచిందని ఎప్పుడో తెలిసిన పెద్దమనిషిలా.

"మీ బాపుకు ఎరుకే బిడ్డా. నీకు చూపెట్టిన నాడే పొద్దుమూకంగ మా ఆయిన గా గుల్లలు తీస్కపోయి మీ బాపుకు చూపెట్టిండు. ఇద్దరు వట్టి కల్లుకుండ కాడ కూసున్నరు. మీ బాపు ఏమన్నడో ఎరుకేనా? 'ఎల్లన్నా, వారమైతే నా బిడ్డ పట్నం పోతది. అప్పటిదాక ఉత్తగ తవ్వినట్టు చెయ్యి. ఆమె పోయినంక తూరుపుదిక్కు పెడుదాం. ఆమె ఉండంగ ఆపితే ఊరంత ఆమె మొకం మీద నవ్వుతది' అన్నడు. వారమే గదా అని మా ఆయిన సరే అన్నడు."

పొక్లెయిన్ ఆగింది. ఎవరో భోజనానికి కేకేశారు. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు ఇంకా స్పష్టంగా వినిపించింది.

"నువ్వు పోకపోతివి. దినాం పొద్దుగాల మీ బాపు అచ్చి, 'ఇయ్యాల గూడ పోలేదు ఎల్లన్నా, తవ్వు' అనేటోడు. నువ్వు పోతనన్న నాడే పోతే ఎడ్లన్న మిగిలేటియి బిడ్డా. గా ఎడ్లతోటి తూరుపుదిక్కు బాయి అయ్యేటిది." కొంగుతో నోరు తుడుచుకుని, నిష్ఠూరమేమీ లేకుండా, పోయినేడు వాన ఆలస్యమైంది అన్నంత మామూలుగా అంది.

ఆ పొద్దున బాపు కత్తి నూరడం ఆపి నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. కళ్లు మెరిశాయని ఇందాక రాశాను. సంతోషమని ఇన్నేళ్లూ అనుకున్నాను. నేను రాళ్లకు వయసు కట్టడం నేర్చుకున్నాను గాని ఆయన మొహం చదవలేదు. పొమ్మని ఒక్క మాట అంటే ఆయన బతికేవాడు. ఆ మాట అనలేక, చెయ్యి ఆపి, కాసేపు చూసి, "ఉండు బిడ్డా. నీ ఇల్లే గదా," అన్నాడు.